మీ వుల్వరిన్ పుస్తకంలో 6, 7 సంచికలు ఎక్కడికి పోయాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. బెంజమిన్ పెర్సీ రాసిన వుల్వరిన్ మొదటి పుస్తకం కొన్నారు. నెలనెలా వచ్చే కామిక్ సంచికల్లో 1 నుంచి 5 దాకా కలిపి వేసిన పుస్తకం, బాగా నచ్చింది. రెండో పుస్తకం తెప్పిస్తే అది 8తో మొదలైంది. 6, 7 లేవు. ప్రింటింగ్‌లో పేజీలు ఎగిరిపోయాయా, అమ్మినవాడు మోసం చేశాడా, లేకపోతే అందరూ చెప్పే ‘ఎక్స్ ఆఫ్ స్వోర్డ్స్’ అనే లావుపాటి పుస్తకం కూడా కొనాల్సిందేనా? ఒక్క హీరో కథ చదువుకుందామంటే పదిమందివి కొనమంటే ఎలా, ఇలా అయితే అమెరికన్ కామిక్స్ మానేస్తే పోదా, అన్నారు.

పుస్తకం బాగానే ఉంది, అమ్మినవాడి తప్పేమీ లేదు. 2020 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మార్వెల్ తన ఎక్స్-మెన్ సిరీస్‌లన్నిటినీ కలిపి 22 భాగాల ఒకే కథ నడిపింది. వుల్వరిన్ 6 అందులో మూడో భాగం. వుల్వరిన్ 7 పదహారో భాగం. మధ్యలో పన్నెండు భాగాలు మరాడర్స్‌లో, ఎక్స్‌కాలిబర్‌లో, కేబుల్‌లో, ఇలా ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్నాయి. అందుకే ఆ రెండు సంచికలూ మీ పుస్తకంలో వేసినా తలా తోకా లేకుండా ఉండేవి. వాటిని తీసి పెద్ద పుస్తకంలో పెట్టారు. వెనక అట్ట మీద సన్న అక్షరాల్లో ‘8 నుంచి 12’ అని ఉంటుంది. డబ్బు కట్టాకే ఎవరైనా అది చూసేది.

ఆ రెండింటిలో జరిగింది క్లుప్తంగా చెప్తాను. క్రకోవా, అరాకో అనే రెండు ద్వీపాల మ్యూటెంట్ల (పుట్టుకతోనే శక్తులున్నవాళ్ళ) మధ్య కత్తుల పోటీ పెడతారు. వుల్వరిన్‌ది క్రకోవా పక్షం. ఒక్కో పక్షానికి పది కత్తులు. వుల్వరిన్ వంతుకు వచ్చింది మురమాస అనే కమ్మరి చేసిన కత్తి. దాని కోసం నరకం దాకా పోతాడు. సరిగ్గా దాని కోసమే అరాకో నుంచి సోలెం అనేవాడు కూడా అక్కడికి వస్తాడు. కత్తి దక్కాలంటే వుల్వరిన్ వాడికి ఒక మాట ఇచ్చి బాకీ పడాల్సి వస్తుంది. చివరికి క్రకోవా గెలుస్తుంది, క్రకోవా పక్షాన ఉన్న అపోకలిప్స్ అనే పాతకాలపు మ్యూటెంట్ తన భార్యాపిల్లలతో వెళ్ళిపోతాడు, అరాకో జనం ఇక్కడే మిగిలిపోతారు. ఇంత తెలిస్తే ఎనిమిదో సంచిక హాయిగా చదువుకోవచ్చు. సోలెం మళ్ళీ పద్నాలుగో సంచిక నుంచి కనిపిస్తాడు. అప్పుడు ‘ఓహో, నరకంలో కలిసినవాడు’ అనుకుంటే చాలు.

ఇక మీ కోపం సంగతి. అది న్యాయమైనదే. కాకపోతే ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే డబ్బూ మిగులుతుంది, చదువూ సాగుతుంది.

మన టీవీ సీరియళ్ళలో ‘మహాసంగమం’ అని వేస్తారు కదా. ఎనిమిదింటి సీరియల్ కోడలు తొమ్మిదింటి సీరియల్ పెళ్ళికి వస్తుంది, ఆ వారమంతా రెండిళ్ళ వాళ్ళూ ఒకే హాల్లో కొట్టుకుంటారు. క్రాసోవర్ అచ్చం అదే. తేడా ఒక్కటే. టీవీలో రిమోట్ పక్కన పెట్టేసి కూర్చుంటే రెండో సీరియల్ దానంతటదే వస్తుంది, పైసా ఖర్చు లేదు. కామిక్స్‌లో రెండో సీరియల్‌కి నాలుగు డాలర్లు, మూడోదానికి ఇంకో నాలుగు డాలర్లు.

అసలు కామిక్స్ ఎవరికి అమ్ముతారో తెలిస్తే సగం గుట్టు తెలిసినట్టే. మార్వెల్‌కైనా దాని పోటీ కంపెనీ డీసీకైనా అసలు కొనుగోలుదారు షాపువాడు, పాఠకుడు కాదు. 1970ల దాకా అమెరికాలో కామిక్స్ మామూలు పత్రికల్లా న్యూస్‌స్టాండ్లలో అమ్మేవారు, మిగిలినవి వెనక్కి పంపేసేవారు. ఆ దశకంలో ఫిల్ స్యూలింగ్ అనే ఆయన పబ్లిషర్లతో వేరే ఏర్పాటు చేసుకున్నాడు: కామిక్స్ మాత్రమే అమ్మే షాపులకు ఎక్కువ తగ్గింపు ధరకి ఇవ్వండి, బదులుగా మిగిలినవి తిరిగి పంపం అని. దాన్నే డైరెక్ట్ మార్కెట్ అంటారు. ఇప్పటికీ షాపుల వ్యాపారం చాలావరకు ఆ పద్ధతిలోనే నడుస్తోంది. అమ్ముడుపోని ప్రతి కాపీ షాపువాడి నెత్తిన పడుతుంది. పైగా రెండు మూడు నెలల ముందే, కథ ఎలా ఉందో చూడకుండా, కేటలాగ్ చూసి ఆర్డర్ పెట్టాలి.

న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో మా అపార్ట్‌మెంట్ దగ్గర కామిక్ షాపు ఒకటి ఉండేది. ఆ ఓనరు ఆర్డర్లు వేసుకునే రోజు పక్కన కూర్చునేవాణ్ణి. చేతిలో పెన్సిలు, పక్కన పోయిన నెల లెక్కల కాగితం. పేరున్న సిరీస్‌లకు చకచకా అంకెలు వేసేవాడు. చిన్న సిరీస్ దగ్గరికి రాగానే పెన్సిలు ఆగేది. మామూలుగా అయితే ఎనిమిది వేసి పేజీ తిప్పేవాడు. ఆ సంచిక కింద ‘ఫలానా ఈవెంట్‌లో (అంటే చాలా సిరీస్‌లు కలిసిన పెద్ద కథలో) భాగం’ అని ఉంటే మాత్రం కాస్త ఆలోచించి పన్నెండు వేసేవాడు. ఈవెంట్ కొంటున్న కస్టమర్ ఎవరైనా వచ్చి ‘ఇది లేదా?’ అంటాడేమోనని భయం. లేదంటే ఆ కస్టమర్ పక్క ఊరి షాపుకి పోతాడు. ఇలా దేశమంతా ఉన్న షాపుల్లో ఆ నాలుగు కాపీలు పెరిగితే, మూతపడబోతున్న సిరీస్ ఇంకో ఆరు నెలలు బతుకుతుంది. ఈవెంట్ అయ్యాక అంకె మళ్ళీ ఎనిమిదికి వస్తుంది, ఒక్కోసారి ఏడుకి కూడా. అప్పుడు ఇంకో ఈవెంట్ కావాలి.

ఇలా ఈవెంట్‌కి ముడిపెట్టిన సంచికని టై-ఇన్ అంటారు. అది చాలాసార్లు రచయిత బుర్రలో పుట్టదు, ఆ ఆర్డర్ ఫారంలో పుడుతుంది. ‘ఇది చదవకపోతే కథ అర్థం కాదు’ అని వాళ్ళు అన్నప్పుడల్లా ఈ పెన్సిలు గుర్తు తెచ్చుకోండి. అది షాపువాడికి చెప్పిన మాట. మీరు పట్టించుకోనక్కర్లేదు.

హీరోలు కలవడం తప్పని నేననను. వాళ్ళందరిదీ ఒకటే లోకం అన్న ఆనందం కోసమే కదా మనం వీటికి అలవాటు పడ్డది. 1963 నుంచి ఏటా వేసవిలో డీసీ హీరోల జట్లు జస్టిస్ లీగ్, జస్టిస్ సొసైటీ వేరువేరు లోకాల్లోని రెండు భూముల నుంచి వచ్చి కలుసుకునేవాళ్ళు. రెండు మూడు సంచికల్లో తేలిపోయేది. అందరికీ పండగ. అసలు మలుపు 1984లో, మార్వెల్ ‘సీక్రెట్ వార్స్’తో వచ్చింది. బొమ్మల కంపెనీ మాటెల్‌తో ఒప్పందంలో భాగంగా పుట్టిన 12 సంచికల సిరీస్ అది. అందులో వాళ్ళు చేసిన తెలివైన పని చూడండి. హీరోలంతా ఒక నెల మాయమవుతారు. పై నెలకి తిరిగొచ్చేస్తారు, స్పైడర్‌మ్యాన్ ఒంటి మీద నల్ల డ్రెస్సు ఉంటుంది. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 252, అట్ట మీద 1984 మే. ఆ డ్రెస్సు ఎక్కడిదో మాత్రం సీక్రెట్ వార్స్ 8లో, డిసెంబరు తేదీతో గానీ చెప్పలేదు. ఏడు నెలల టెన్షన్. అయినా పాఠకుడికి అది ఆటలాగే ఉంది. ఎందుకంటే జవాబు ఎక్కడ దొరుకుతుందో అందరికీ తెలుసు. ఒక్క చోటే దొరుకుతుంది.

మరుసటి ఏడాదే ‘సీక్రెట్ వార్స్ 2’ వచ్చింది. అది తొమ్మిది సంచికలే. కానీ మార్వెల్‌లో దాదాపు ప్రతి సిరీస్ అట్ట మూల మీద ‘కథ ఇందులో కొనసాగుతుంది’ అని చిన్న త్రికోణం వేసి వదిలారు. బియాండర్ అనే పాత్ర ఒక్కో పత్రికలోకి పిలవని పేరంటంలా వచ్చి పోయేవాడు. మీ 6, 7 సంచికల వంశవృక్షం అక్కడ మొదలవుతుంది.

1990లలో ఇది ముదిరి పాకాన పడింది. 1992 నాటి ‘ఎక్స్-క్యూషనర్స్ సాంగ్’ నాలుగు సిరీస్‌లలో 12 భాగాలు. ఒక్కో సంచికా ప్లాస్టిక్ కవర్లో సీలు వేసి, లోపల ఒక కార్డు పెట్టి అమ్మారు. చదవాలంటే కవరు చింపాలి, చింపితే ‘విలువ’ పోతుంది, అందుకని రెండేసి కొన్నవాళ్ళున్నారు. అప్పట్లో ఆ నాలుగింట్లో ఒకటైన ఎక్స్-ఫ్యాక్టర్‌ని పీటర్ డేవిడ్ రాస్తున్నాడు. హాస్యం, చిన్న చిన్న మనస్తత్వాలు, నింపాదిగా నడిచే కథ. ఆ సిరీస్ కోసమే షాపుకి వెళ్ళేవాళ్ళుండేవారు. క్రాసోవర్లు వచ్చి తన కథను మాటిమాటికీ పక్కకి నెట్టేస్తుంటే విసిగి 1993లో ఆయన వదిలేశాడు. పాఠకుల బాధ అందరికీ కనిపిస్తుంది, రాసేవాడి గోడు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నెలకో సంచిక అంటే ఏడాదికి పన్నెండు. అందులో మూడు ఇంకొకరి ఈవెంట్‌కి పోతే మీ రచయిత ఏడాదిలో పావు వంతు పోయినట్టే. మీ పెర్సీ ఐదు సంచికలు రాశాడో లేదో కత్తులు పట్టుకుని లైన్లో నిలబడాల్సి వచ్చింది.

క్రాసోవర్ ఏ పరిస్థితిలో మోసం అవుతుందో ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. దీని మీద నాకింకా కోపం చల్లారలేదు.

2005లో డీసీ ‘కౌంట్‌డౌన్ టు ఇన్ఫినిట్ క్రైసిస్’ అని 80 పేజీల పుస్తకం ఒక్క డాలరుకే ఇచ్చింది. ఎర అంటే అదీ. చివర్లో మాక్స్ లార్డ్ అనేవాడు తన పాత మిత్రుడు, బ్లూ బీటిల్ అనే హీరోని తలలో కాల్చి చంపుతాడు. కథ ‘ఓమాక్ ప్రాజెక్ట్’ అనే ఆరు సంచికల సిరీస్‌లో కొనసాగుతుందన్నారు. బుద్ధిమంతులైన పాఠకులు ఒకటి, రెండు, మూడు కొన్నారు. మాక్స్ సూపర్‌మ్యాన్ మనసుని పట్టేశాడు, ఇప్పుడేమవుతుంది అని ఊపిరి బిగబట్టి నాలుగు తెరిస్తే, మాక్స్ అప్పటికే చనిపోయి ఉన్నాడు. వండర్ ఉమన్ మెడ విరిచేసింది! ఎక్కడ? ఆ సిరీస్‌లో కాదు. మూడుకీ నాలుగుకీ మధ్య ‘శాక్రిఫైస్’ అనే నాలుగు భాగాల కథ సూపర్‌మ్యాన్ 219, యాక్షన్ కామిక్స్ 829, అడ్వెంచర్స్ ఆఫ్ సూపర్‌మ్యాన్ 642, వండర్ ఉమన్ 219లో నడిచింది. ఆ చివరి సంచికలో ఆమె మాక్స్‌కి నిజం చెప్పించే సత్యపాశం చుట్టి, సూపర్‌మ్యాన్‌ని ఎలా విడిపించాలని అడుగుతుంది. నన్ను చంపితే తప్ప కుదరదంటాడు మాక్స్. ఆమె చంపేస్తుంది. ఆ ఏడాది డీసీ కథలన్నిటికీ ఇరుసు లాంటి దృశ్యం అది. ఆ కథ కోసమే డబ్బు పెట్టిన సిరీస్‌లో అది లేదు.

తర్వాత ఓమాక్ ప్రాజెక్ట్‌ని పుస్తకంగా వేసినప్పుడు వండర్ ఉమన్ 219ని అందులో చేర్చారు. అంటే అది లేకుండా కథ కుంటిదని వాళ్ళకీ తెలుసు. నెలనెలా కొన్నవాడికే అన్యాయం జరిగింది, ఏడాది ఆగినవాడు హాయిగా చదువుకున్నాడు. 2008లో ‘ఫైనల్ క్రైసిస్’ కూడా ఇంతే. ఏడో సంచికలో మాండ్రాక్ అనే పిశాచం ఊడిపడతాడు. ఏడు సంచికలూ వరస తప్పకుండా చదివినవాడు ‘వీడెవడు?’ అని తల గోక్కోవాలి. వాడి కథంతా ‘సూపర్‌మ్యాన్ బియాండ్’ అనే వేరే రెండు సంచికల్లో ఉంది. దాన్ని కూడా పుస్తకంలో కలిపేశారు. అందులో చదివితే దాని రచయిత గ్రాంట్ మారిసన్ ఏం చేయబోయారో తెలుస్తుంది. విడిగా చదివితే బుర్ర వేడెక్కుతుంది.

ఆలస్యాలు ఇంకో తలనొప్పి. 2006 నాటి మార్వెల్ ఈవెంట్ ‘సివిల్ వార్’ నాలుగో సంచిక నుంచి వెనకబడింది. ముఖ్య కథలోని విషయం ముందే బయటపడకూడదని టై-ఇన్ సిరీస్‌లను కూడా ఆపేశారు. బొమ్మలు వేసే ఒక్కరికి టైము చాలకపోతే అరడజను సిరీస్‌లు నిలబడిపోయాయి. 2015 ‘సీక్రెట్ వార్స్’ ఇంకా విచిత్రం. ఎనిమిది సంచికలనుకున్నది తొమ్మిదయింది, ఆఖరిది 2016 జనవరిలో వచ్చింది. కానీ దాని తర్వాత జరిగే కథలతో కొత్త సిరీస్‌లు 2015 అక్టోబరు నుంచే షాపుల్లో ఉన్నాయి. లోకం మునుగుతుందా తేలుతుందా అని ఒక పక్క ఉత్కంఠ, ఇంకో పక్క తేలిన లోకంలో అందరూ కాఫీలు తాగుతున్నారు. చెప్పాలంటే ఆ సీక్రెట్ వార్స్ నాకు చాలా ఇష్టమైన ఈవెంట్. దాని రచయిత జోనథన్ హిక్‌మన్ ఏళ్ళ తరబడి అవెంజర్స్‌లో కట్టుకుంటూ వచ్చిన కథకి అది ముగింపు. అలాంటిదాన్ని కూడా అలా చెడగొట్టారు.

‘ఇకపై ఏదీ మునుపటిలా ఉండదు’ అన్న ప్రకటనల గురించి ఎక్కువ చెప్పను. 1985లో ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’లో చనిపోయిన ఫ్లాష్ బారీ అలెన్ 2008 దాకా నిజంగా తిరిగిరాలేదు, అది మాట మీద నిలబడటం అంటే. ఆ తర్వాత చనిపోయినవాళ్ళెవరికీ మీరు కర్మకాండ చేయనక్కర్లేదు.

ఇంత తిట్టాక మంచివి కూడా చెప్పాలి. 2007లో ‘సినెస్ట్రో కోర్ వార్’ దాదాపుగా గ్రీన్ లాంటర్న్, గ్రీన్ లాంటర్న్ కోర్ అనే రెండు సిరీస్‌లలోనే నడిచింది. రెండూ చదివేవాళ్ళు ఎలాగూ ఒకళ్ళే. ఎవరి కథనూ తెంపలేదు, వాళ్ళ కథే పెద్దదయింది. నా లెక్కలో క్రాసోవర్ అంటే అలా ఉండాలి. 2006లో భూమ్మీద హీరోలంతా సివిల్ వార్‌లో కొట్టుకుంటుంటే, అంతరిక్షంలో ‘ఎనైహిలేషన్’ అని వేరే కథ నడిచింది. నాలుగు చిన్న సిరీస్‌లు, వాటి తర్వాత ఆరు సంచికల ముఖ్య కథ. భూమితో సంబంధం లేదు, ఎవరి నెలవారీ సిరీస్‌లోకీ చొరబడలేదు. అక్కడ మిగిలిన పాత్రల నుంచే 2008లో గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ కొత్త జట్టు పుట్టింది. సినిమాలో మీరు చూసిన జట్టుకి మూలం అదే.

1995 నాటి ‘ఏజ్ ఆఫ్ అపోకలిప్స్’ మొరటు పద్ధతి, కానీ నిజాయితీ ఉంది. ఎక్స్-మెన్ సిరీస్‌లన్నిటినీ నాలుగు నెలలు ఆపేసి, పేర్లు కూడా మార్చేసి, వాటి స్థానంలో వేరే లోకపు కథలు వేశారు. నచ్చితే కొనండి, లేకపోతే నాలుగు నెలల తర్వాత రండి. మీ కథ మధ్యలో చెయ్యి పెట్టి తిప్పడం కన్నా అది ఎంతో నయం.

అప్పుడప్పుడు టై-ఇన్ అసలు ఈవెంట్‌ని మించిపోతుంది కూడా. 2011లో ‘ఫియర్ ఇట్‌సెల్ఫ్’ అని ఏడు సంచికల ఈవెంట్ వచ్చింది. సుత్తులు ఆకాశం నుంచి పడతాయి, తీసుకున్నవాడు చెడ్డవాడవుతాడు, అంతకు మించి నాకేమీ మిగల్లేదు. దాని టై-ఇన్‌గా కీరన్ గిలెన్ ‘జర్నీ ఇన్‌టు మిస్టరీ’ మొదలుపెట్టాడు. మోసాల దేవుడు లోకి (Loki) చిన్నపిల్లాడిగా తిరిగి పుట్టాడు, వాడిని ఎవరూ నమ్మరు, అయినా పెద్దల యుద్ధాన్ని తెర వెనక వాడే గెలిపిస్తాడు. ముఖ్య కథలోని రంధ్రాలన్నీ గిలెన్‌కి వరంగా మారాయి. ఈవెంట్ పేజీ తెరవకుండా ఈ సిరీస్ ఒక్కటీ చదివినా అర్థమవుతుంది. ఇంకా బాగా అర్థమవుతుంది అంటాను, కాస్త గర్వంగానే.

వీటన్నిటినీ పక్కపక్కన పెడితే నాకు కనిపించేది రచయిత పేరే. కథను తనే కట్టుకున్నవాడు తన క్రాసోవర్‌ని తనే రాస్తే బాగుంటుంది. ఎడిటర్ల మీటింగులో నిర్ణయమై పదిమందికి పంచితే నలుగురు మాత్రం నిలబెడతారు. అందుకే పాత్రని పట్టుకుని వెళ్ళొద్దు, రచయితని పట్టుకుని వెళ్ళండి. వుల్వరిన్ కనిపించిన ప్రతి సంచికా కొనాలంటే ఆస్తులు అమ్ముకోవాలి, నెలకి అన్నిట్లో ఉంటాడు మహానుభావుడు. పెర్సీ రాసినవి చదవడం ఎవరికైనా సాధ్యమే.

ఆ లెక్కన మీకు ‘ఎక్స్ ఆఫ్ స్వోర్డ్స్’ మొత్తం అక్కర్లేదు. మూడో భాగం వుల్వరిన్ 6 అన్నాను కదా, నాలుగో భాగం ఎక్స్-ఫోర్స్ 13. పదహారోది వుల్వరిన్ 7, పదిహేడోది ఎక్స్-ఫోర్స్ 14. రెండు జతలూ పక్కపక్కనే ఉన్నాయి, నాలుగింట్లోనూ పెర్సీ చెయ్యి ఉంది. మార్వెల్ అన్‌లిమిటెడ్ యాప్‌లో ఒక నెల చందా కట్టి ఈ నాలుగూ ఈ వరసలో చదివేయండి. కొత్త సంచికలు అందులోకి రావడానికి సుమారు మూడు నెలలు పడుతుంది గానీ ఇవి ఎప్పుడో వచ్చేశాయి. మొదటి జత పూర్తి కథలా ఉంటుంది. రెండో జత పోటీ మధ్యలో పడుతుంది కాబట్టి కాస్త గందరగోళంగా ఉంటుంది, ఫర్వాలేదు. ఆ పోటీలన్నీ కత్తి యుద్ధాలే అనుకుంటాం, క్రకోవా పక్షంలోని డగ్ రామ్‌సీకి పడిన పందెం పెళ్ళి చేసుకోవడం. బెయ్ అనే అరాకో యోధురాలిని కట్టుకుంటాడు, ఆ పెళ్ళి నిలబడింది కూడా. ఆ ముచ్చట మీద ఆసక్తి కలిగితే మిగతా భాగాలు అప్పుడు చూసుకోవచ్చు.

అన్నీ వరసగా చదవకపోతే ఏదో పోగొట్టుకుంటున్నామన్న బెంగ కొత్త పాఠకుల్లో ఎక్కువ చూస్తున్నాను. ఏది ముందు ఏది తర్వాత చదవాలో చెప్పే రీడింగ్ ఆర్డర్ల వెబ్‌సైట్లు దాన్ని పెంచి పోషిస్తున్నాయి. హైదరాబాద్‌లో నాలాంటివాళ్ళం ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన విడి సంచికలతో మొదలుపెట్టాం. ‘మాక్సిమం కార్నేజ్’ అనే స్పైడర్‌మ్యాన్ కథ 14 భాగాలు అయితే మా చేతికొచ్చింది ఎక్కడో మధ్యలోది. ముందు వెనకలు మేమే కల్పించుకునేవాళ్ళం. తర్వాత ఎప్పుడో మొత్తం చదివితే, మేం కల్పించుకున్నదే మెరుగ్గా ఉందనిపించింది! రెండు సంచికలు తెలియకపోతే కథ కూలిపోదు. రాసేవాళ్ళు కూడా మధ్యలో వచ్చేవాళ్ళుంటారని తెలిసే రాస్తారు.

కొత్తగా ఏదైనా సిరీస్ కొనేటప్పుడు మాత్రం వెనక అట్ట మీది అంకెలు చూడండి. ముందు పుస్తకం ఆగిన అంకెకీ ఈ పుస్తకం మొదలయ్యే అంకెకీ తేడా ఉంటే మధ్యలో ఈవెంట్ ఉందని అర్థం. ఆ ఈవెంట్ పుస్తకంలో మీ రచయితవి ఎన్ని భాగాలున్నాయో చూసుకోండి. సగం పైన ఉంటే కొనండి. రెండో మూడో ఉంటే యాప్‌లో చదివి ముందుకెళ్ళండి. ఇంకో దారి, ఆమ్నిబస్ అని బండరాయంత పుస్తకాలు వేస్తారు. వాటిలో ఇలాంటి చిల్లులు చాలావరకు పూడ్చేస్తారు గానీ ధర చూసి నీరసం వస్తుంది, మంచం మీద పడుకుని చదవలేం కూడా. నెలనెలా వచ్చే ఈవెంట్‌ని మాత్రం విడి సంచికలుగా ఎప్పుడూ కొనకండి. ఓమాక్ కథ విన్నారుగా.

మానేయాలా అన్నారు. పెర్సీ నచ్చాడంటున్నారు కాబట్టి వద్దు. ఈ సిరీస్‌లో ముందు ముందు మీకు తగలబోయేవి ఇప్పుడే చెప్పేస్తాను, మళ్ళీ కంగారు పడకుండా. 13వ సంచిక 2021 వేసవిలో అన్ని ఎక్స్ సిరీస్‌లూ కలిసిన ‘హెల్‌ఫైర్ గాలా’ విందు రాత్రి, మిగతా భాగాలు లేకపోయినా తెలుస్తుంది. 19 తర్వాత సిరీస్ ఆగి, 2022లో ‘ఎక్స్ లైవ్స్ ఆఫ్ వుల్వరిన్’, ‘ఎక్స్ డెత్స్ ఆఫ్ వుల్వరిన్’ అని ఒక్కోటి ఐదు సంచికలు, వారం విడిచి వారం వచ్చాయి. పేరు వేరైనా అది ఈ సిరీస్ కథే, రాసింది పెర్సీయే, అది తప్పకుండా కొనండి. 2023లో ఘోస్ట్ రైడర్‌తో ‘వెపన్స్ ఆఫ్ వెంజెన్స్’, నాలుగే భాగాలు. ఘోస్ట్ రైడర్ కూడా అప్పుడు పెర్సీయే రాస్తున్నాడు కాబట్టి అతుకు కనపడదు. 41 నుంచి 50 దాకా వుల్వరిన్ పాత శత్రువు సేబర్‌టూత్‌తో ‘సేబర్‌టూత్ వార్’. పది సంచికలూ వుల్వరిన్‌లోనే ఉన్నాయి, పక్క పుస్తకం వెతుక్కునే పని లేదు. కాకపోతే దాన్ని పెర్సీతో కలిసి రాసిన విక్టర్ లావాల్ అంతకుముందు సేబర్‌టూత్ మీద రెండు చిన్న సిరీస్‌లు రాశాడు. 2022లో వచ్చిన మొదటిది దొరికితే 41 తెరిచే ముందు చదవండి. అది అవసరం కాదు, బాగుంటుందని చెప్తున్నా.